చూడటం, చూసుకోవడం: మదనపల్లె నేల చెప్పే పాఠం



తిరుమలలో సర్వదర్శనం వరుసలో మీరు ఎప్పుడైనా నిలబడి ఉంటే ఈ అనుభవం మీకు తెలిసినదే. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి నిరీక్షిస్తాం. తీరా సన్నిధికి చేరేసరికి మనకు దక్కేవి కొన్ని క్షణాలు. ఆ కొన్ని క్షణాలలోనే కొందరు కళ్ళు మూసుకుంటారు, కొందరు కోరికలన్నీ ఏకరువు పెడతారు, కొందరు చేయి వదిలిన పిల్లవాడి కోసం వెనుదిరుగుతారు. "జరగండి, జరగండి" అన్న మాట వినబడుతుంది. బయటికి వచ్చి లడ్డూల వరుసలో నిలబడ్డాక గానీ "స్వామిని సరిగా చూశామా?" అన్న సందేహం కలగదు. దర్శనమంటే చూడటమే. అంత దూరం వెళ్ళింది చూడటానికే. చూడవలసిన క్షణంలో మనసు మాత్రం మరెక్కడో ఉంది.

ఈ లోపం భక్తులకే పరిమితం కాదు. వైద్యుడిగా నాకూ ఉండేది. చాలా ఏళ్ళ క్రితం ఓ ఆసుపత్రి ఓపీలో, రద్దీగా ఉన్న ఒక ఉదయం, ఒక వృద్ధురాలి చీటీ అందుకుని, తల ఎత్తకుండానే పాత మందులే కొనసాగించమని రాసి తిరిగి ఇచ్చాను. ఆమె కదలలేదు. "కాయితాన్ని చూస్తివి గానీ నన్ను చూడలేదు గదా నాయనా" అన్నది. కోపంగా కాదు, నెమ్మదిగానే అన్నది. ఆమె కథ తరువాత చెబుతాను. ముందు ఆ మాట నన్ను ఏ చరిత్ర దగ్గరకు నడిపించిందో చెప్పాలి. ప్రేమ అనేది వేరు, ఎరుకతో జీవించటం వేరు అని మనం అనుకుంటాం. ఆ రెండూ ఒకటేనని జీవితమంతా చెప్పిన మనిషి మన సీమలోనే, తిరుపతికి పడమరగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని మదనపల్లెలో పుట్టాడు. ఆయన జిడ్డు కృష్ణమూర్తి.

జ్వరంతో పెరిగిన పిల్లవాడు

కృష్ణమూర్తి 1895 మే నెలలో జన్మించారు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడి మదనపల్లె అందులో చేరినది 1911లో. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కనుక, దేవకీదేవి అష్టమగర్భాన పుట్టిన కృష్ణుని పేరు పెట్టారు.

పిల్లవాడికి రెండేళ్ళు నిండకముందే తండ్రికి కడపకు బదిలీ అయింది. ఆ రోజులలో కడప మలేరియాకు పేరుమోసిన ఊరు. 1897 కరవు సంవత్సరం. ఆ ఏడాది పసివాడికి వచ్చిన మలేరియా ప్రాణం మీదికి తెచ్చింది. ఆ జ్వరం ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి తిరగబెడుతూనే ఉన్నది. అదే 1897లో, ఆగస్టు 20న, సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఎన్నో దోమలను ఓపికగా కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, చూచి, చివరికి పట్టుకున్నాడు. ఒక తెలుగు ఊరిలో పసివాడు జ్వరంతో మూలుగుతుండగా మరొక తెలుగు ఊరిలో ఆ జ్వరపు గుట్టు విప్పిన చూపు అది. ఫలితం రోగులందరికీ అందటానికి ఇంకా కాలం పట్టింది.

జ్వరం వల్ల కృష్ణమూర్తికి బడి సరిగా సాగలేదు. 1905లో, పదేళ్ళ వయసులో, తల్లి మరణించింది. బడిలో అప్పజెప్పటం రాదు, పాఠం తలకెక్కదు. మందబుద్ధి అని పంతుళ్ళు తేల్చారు, దెబ్బలు కూడా కొట్టారు. అదే పిల్లవాడు చీమల బారునో, ఆకు మీది పురుగునో, కదిలే మబ్బునో చాలాసేపు కన్నార్పకుండా చూస్తూ ఉండేవాడని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. బడి ఆ చూపును పరధ్యానం అన్నది. పురుగు మీద నిలిచిన ధ్యానానికి పలక వైపు నుంచి చూచినవారు పెట్టిన పేరు అది. మన ఇళ్ళలోని పిల్లలను గురించి తొందరపడి తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రేపటికి కట్టిన తాకట్టు

ఉద్యోగ విరమణ తరువాత నారాయణయ్య 1909 జనవరిలో పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. ఆ ఏడాదే సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ సముద్రతీరంలో కృష్ణమూర్తిని చూచి, లోకానికి రాబోయే జగద్గురువుకు ఈ బాలుడే వాహకం కాగలడని ప్రకటించాడు. అనీబిసెంట్ కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ తన సంరక్షణలోకి తీసుకున్నారు. 1911లో "ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్" అనే సంస్థ ఏర్పడింది. పిల్లలను తిరిగి ఇప్పించమని తండ్రి వేసిన దావా మద్రాసు హైకోర్టు దాటి లండనులోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1914లో బిసెంట్‌కు అనుకూలంగా ముగిసింది. అన్నదమ్ములు ఇంగ్లండులో పెరిగారు. తల్లి లేదు, తండ్రి దూరమయ్యాడు. ఒకరికి ఒకరే మిగిలారు.

1921లో నిత్యానందకు క్షయ బయటపడింది. అప్పటికి క్షయకు మందు లేదు. కోచ్ 1882లోనే క్షయ క్రిమిని కనుగొన్నా, దానిని చంపగలిగిన స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. మధ్యకాలంలో ఉన్నవి విశ్రాంతి, పొడిగాలి, పుష్టికరమైన ఆహారం. వాటి కోసమే నిత్యానంద స్విట్జర్లాండు వెళ్ళాడు. 1922లో అన్నదమ్ములిద్దరూ కాలిఫోర్నియాలోని ఒహాయ్ లోయకు చేరారు. ఇక్కడ విధి విచిత్రం ఒకటి ఉంది. కృష్ణమూర్తి పుట్టిన ఊరి పక్కనే, ఆరోగ్యవరంలో, సరిగ్గా ఈ పొడిగాలి కోసమే వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి 1915 నాటికి క్షయ శానటోరియం నడుపుతున్నాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి సారథి. దేశం నలుమూలల నుంచి రోగులు మదనపల్లె గాలి కోసం వస్తున్న రోజులలో మదనపల్లె బిడ్డ తన తమ్ముడి కోసం అటువంటి గాలిని సముద్రాల అవతల వెదికాడు.

1925 చివరలో అడయారులో దివ్యజ్ఞాన సమాజపు స్వర్ణోత్సవాలు జరగవలసి ఉన్నాయి. తమ్ముడు మంచాన ఉన్నా కృష్ణమూర్తి బయలుదేరారు. కారణం కఠినత్వం కాదు, నమ్మకం. నిత్యానంద జీవితం మహత్కార్యానికి అవసరం, కనుక గురుదేవతలు అతనిని కాపాడతారని పెద్దలు చెప్పారు, ఆయనా నమ్మారు. ఓడ సూయజ్ కాలువ ప్రాంతంలో ఉండగా నవంబరులో తంతి వచ్చింది. నిత్యానంద మరణించాడు.

ఆ ఓడలో ఉన్న మిత్రులు రాసిన ప్రకారం, కృష్ణమూర్తి కొన్ని రోజులు కుప్పకూలిపోయారు. రాత్రులు తమ్ముడి పేరు పిలుస్తూ విలపించారు. క్రమంగా, దుఃఖాన్ని ఏ సిద్ధాంతంతోనూ కప్పుకోకుండా, దానినే తేరిపార చూస్తూ, ఓడ కొలంబో చేరేనాటికి ఒక నిశ్చలతకు వచ్చారు. వైద్యుడిగా నేను ఈ ఘట్టం దగ్గర ఎన్నోసార్లు ఆగిపోయాను. "ఏమీ కాదు, రేపు నయమవుతుంది" అన్న మాట మంచం పక్కన కూర్చోవలసిన మనిషిని ఎంత దూరం పంపగలదో ఈ కథ చెబుతుంది. ఆశ తప్పు కాదు. అయితే రేపటి మీది నమ్మకానికి నేటి సాన్నిధ్యాన్ని తాకట్టు పెడితే ఆ తాకట్టు విడిపించుకోవటం ఎవరి తరమూ కాదు.

నాలుగేళ్ళ తరువాత, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఒమెన్‌లో సుమారు మూడు వేల మంది ఎదుట కృష్ణమూర్తి తన పేరు మీద వెలసిన ఆ సంస్థను రద్దు చేశారు. సత్యానికి ఏర్పరచిన దారి లేదనీ, ఏ సంస్థా ఎవరినీ అక్కడికి చేర్చలేదనీ ప్రకటించారు. కానుకగా వచ్చిన కోటనూ భూములనూ దాతకు తిరిగి అప్పగించారు. తమ్ముడి మరణమే దీనికి ఏకైక కారణమని అనలేం. కానీ రాబోయే ఘనకార్యం పేరిట ఇచ్చే హామీల మీద ఆయనకున్న నమ్మకం ఆ ఓడ మీదనే పగిలిందని అనుకోవటానికి ఆధారం ఉంది.

లోయలో నాటిన చూపు

తమ్ముడిని కోల్పోయిన ఆ కాలంలోనే మదనపల్లెకు పదిమైళ్ళ దూరంలో, రిషికొండ నీడలో, ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను కృష్ణమూర్తి విద్యాలయం కోసం ఎంచుకున్నారు. అదే రిషివ్యాలీ. అప్పటికే మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ విడిది చేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు. ఆ విద్యాసంప్రదాయం నుంచే లోయలోని బడి మొలకెత్తింది.

అక్కడి నేల మన సీమ నేలే. గుండ్లు, తుప్పలు, మొహం చాటేసే వానలు. బడివారు కొండవాలులో చెట్లు పెంచారు, వాననీరు ఇంకటానికి కుంటలు తవ్వారు, పశువుల మేతను అదుపు చేశారు. దశాబ్దాలకు లోయ పచ్చబడింది. 1991లో ఆ ప్రాంగణాన్ని పక్షుల సంరక్షణ క్షేత్రంగా ప్రకటించుకున్నారు. దక్షిణాది రాతి కొండలలో తప్ప కనిపించని పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడ కాపురముంటుంది. చుట్టుపక్కల పల్లెల కోసం బడులూ, వైద్యశాలా వెలిశాయి. సాయంత్రం పిల్లలు ఒకచోట చేరి మాట లేకుండా అస్తమిస్తున్న సూర్యుని చూసే అలవాటు ఉంది. దానిని "అస్తాచల్" అంటారు. ఫలితం అడగని చూపు అది. అందులో పరీక్ష ఉండదు, మార్కులు ఉండవు.

1947 తరువాత కృష్ణమూర్తి తరచు చలికాలంలో అక్కడికి వచ్చి పిల్లలతో కూర్చునేవారు. ఆయన చెప్పినది నా మాటలలో ఇది. చెట్టును చూసేటప్పుడు "ఇది చింతచెట్టు" అని పేరు పెట్టి వదిలేస్తే చూపు అక్కడే ఆగిపోతుంది. భార్యను, తండ్రిని, పొరుగువాడిని చూసేటప్పుడు కూడా మనం మనిషిని కాక మనసులో పేరుకుపోయిన పాత బొమ్మను చూస్తాం. ఆ బొమ్మ పక్కకు తొలగి, ఎదుటి మనిషిని ఇప్పుడు ఉన్నట్టుగా చూడగలిగినప్పుడు, ఆ పూర్తి శ్రద్ధే ప్రేమ. ప్రేమను తెచ్చిపెట్టే సాధనంగా శ్రద్ధను ఆయన చెప్పలేదు, రెండూ ఒకటేనన్నారు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. ఇంగ్లండుకు వెళ్ళాక కృష్ణమూర్తి తెలుగు పూర్తిగా మరచిపోయారు. జీవితమంతా ఆంగ్లంలోనే బోధించారు. కానీ ఆయన ఇంగ్లీషులో గంటల కొద్దీ వివరించిన సంగతి ఆయన మరచిపోయిన భాషలో ఒక్క క్రియాపదంలో ఉంది. తెలుగులో "చూడటం" అంటే కంటితో గ్రహించటం. "చూసుకోవడం" అంటే ప్రేమతో పోషించటం. "కొడుకు తల్లిని బాగా చూసుకుంటున్నాడు" అంటాం. జబ్బుపడిన వారిని "చూడటానికి" వెళతాం. "ఆ డాక్టరు బాగా చూస్తాడు" అని మెచ్చుకుంటాం. చూపు లేనిదే సంరక్షణ లేదని మన పూర్వులు వ్యాకరణంలోనే దాచిపెట్టారు.

ఆరోగ్యవరం చెప్పే రెండవ సగం

ఇంతటితో ఆపితే వైద్యుడిగా నా బాధ్యత సగమే నెరవేరుతుంది. ఎరుక గొప్పది, కానీ ఎరుక క్షయ క్రిమిని చంపదు. ఆరోగ్యవరం వరండాలలో రోగులు నెలల తరబడి పడుకుని, నర్సుల ప్రేమనూ మంచి గాలినీ పొందినా, మందులు రాకముందు ఎందరో కోలుకోలేకపోయారు. చరిత్ర మలుపు తిరిగింది శాస్త్రం వల్ల. 1948లో మనదేశంలో బీసీజీ టీకాలు మొదలైన చోటు మదనపల్లె. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ పరిశోధన కేంద్రం, ఇంటివద్ద మందులు వాడిన రోగులు శానటోరియంలో వాడినవారితో సమానంగా కోలుకుంటారని 1959లో నిరూపించింది. పేదవాడు ఇల్లు వదిలి వెళ్ళనక్కరలేదన్న ఆ నిర్ణయం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చింది.

అయితే మందులు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. ఇక నయమైందనుకుని రోగి మాత్రలు మానేస్తాడు. మిగిలిన క్రిములు మందుకు లొంగని మొండి క్రిములుగా మారవచ్చు. అందుకే 1990లలో "డాట్స్" పద్ధతి వచ్చింది. దాని సారాంశం ఒక్కటే: ఒక మనిషి ఎదురుగా ఉండి, చూస్తుండగా, రోగి మాత్ర మింగాలి. శక్తిమంతమైన మందులు చేతిలో ఉన్న శాస్త్రానికి కూడా చివరికి ఒక మనిషి చూపు అవసరమైంది.

నా ఓపీలోని ఆ వృద్ధురాలిది అదే కథ. తల ఎత్తి చూశాక ఆమె జారిపోతున్న రవిక, వేలాడే గాజులు కనిపించాయి. అడిగితే చెప్పింది. దగ్గు తగ్గిందని మూడు వారాలుగా మాత్రలు మానేసిందట. నేను కొనసాగించమని రాసిన మందులు ఆమె అసలు వాడటమే లేదు. చీటీలో అంతా సవ్యంగానే ఉంది. చీటీ అబద్ధం చెప్పదు, కానీ నిజం మొత్తం కూడా చెప్పదు. ఆమె నన్ను నిలదీయకుండా వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఈనాటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మనం చేయగలిగినది

వర్తమానంలో ఎరుకతో ఉండటాన్ని వైద్యం కూడా స్వీకరించింది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్ జిన్ దీర్ఘవ్యాధులతో బాధపడేవారి కోసం శిక్షణ ప్రారంభించారు. ఆందోళన, కుంగుబాటు, దీర్ఘకాలపు నొప్పి ఉన్న కొందరికి ఇటువంటి అభ్యాసాలు కొంత మేలు చేస్తాయని తరువాతి పరిశోధనలు చెప్పాయి. కృష్ణమూర్తి మాత్రం పద్ధతులనూ, అభ్యాసాలనూ ఒప్పుకునేవారు కాదు. ప్రశాంతత కోసం చేసే సాధన కూడా రేపటి కోసం చేసే మరో బేరమే అవుతుందని ఆయన అభ్యంతరం. ఈ తగవు తీర్చటం నా పని కాదు. వైద్యుడిగా ఒక్క హెచ్చరిక చేస్తాను. తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు, ఛాతీ నొప్పి, ఆగని దగ్గు ఉన్నవారు ధ్యానంతో సరిపెట్టుకోకండి. వెంటనే వైద్యుడికి చూపించుకోండి. బీపీ, చక్కెర, ఫిట్స్ మందులు సొంతంగా మానకండి.

కృష్ణమూర్తి కూడా మందును తిరస్కరించలేదు. 1986 జనవరిలో మద్రాసు నుంచి ఒహాయ్‌కి తిరిగి వెళ్ళాక ఆయనకు క్లోమ క్యాన్సరు అని తేలింది. నొప్పికి మార్ఫిన్ తీసుకున్నారు. ఫిబ్రవరి 17న, తొంభై ఏళ్ళ వయసులో, తమ్ముడు కన్నుమూసిన ఆ లోయలోనే మరణించారు. ఆయన వ్యక్తిగత జీవితం మీద ప్రశ్నలు లేవనెత్తిన పుస్తకం కూడా తరువాత వచ్చింది. ఆయనను పూజించమని నేను చెప్పటం లేదు, తనను గురువుగా చేసుకోవద్దని ఆయనే పదేపదే అన్నారు. చెప్పిన మాట నిజమో కాదో మన ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

పరీక్షకు ఖర్చు లేదు, కొండలకు వెళ్ళనవసరం లేదు. మీ అమ్మగారికి షుగరు ఉంటే ఈ రాత్రి ఆమె అరికాళ్ళను ఒకసారి వెలుతురులో చూడండి. ఆమెకు తెలియని పుండు మీకు కనబడవచ్చు. పిల్లవాడు బడి నుంచి రాగానే మార్కులు అడిగే ముందు వాడి ముఖం చూడండి. ఫోను పక్కన పెట్టి, రాగి సంగటి ముద్ద రుచి తెలిసేలా నమిలి తినండి, కడుపు నిండిన సంగతి కడుపే చెబుతుంది. మంచాన ఉన్న బంధువును చూడబోయినప్పుడు మీకు తెలిసిన వైద్యాలన్నీ ఏకరువు పెట్టకుండా పది నిమిషాలు మౌనంగా చేయి పట్టుకుని కూర్చోండి. భార్యాభర్తలు ఎన్నో ఏళ్ళుగా తెలిసిన ముఖాన్ని ఈ రోజు కొత్తగా చూడండి. అందులో ఎప్పుడు చేరిందో తెలియని అలసట ఒకటి మీ కంటబడవచ్చు.

సూయజ్ కాలువలో తంతి అందుకున్న ఆ ముప్పై ఏళ్ళ యువకునికి తమ్ముడి పక్కన కూర్చునే అవకాశం మళ్ళీ రాలేదు. మనలో చాలామందికి ఆ అవకాశం ఇంకా ఉంది. ఈ సాయంత్రం మన ఇంటి వసారాలోనే, కుర్చీలో కూర్చుని, మనవైపు చూస్తూ ఉంది. మనం తల ఎత్తటమే తరువాయి.